పాత స్పోర్ట్స్ కారు వెనుక సైకిళ్ల హిచ్: బలం పైపులో లేదు, పట్టిన చోట ఉంది

హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ 2023లో తెరిచిన తరువాత, ఊరికి ఆ చివర ఉన్నవారికి తొక్కడానికి మంచి దారి దొరికింది. తార్నాకలో ఉండే నాకు మాత్రం ట్రాక్ చేరుకోవడమే సమస్య అయింది. ఇంట్లో ఉన్న కారు 1965 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని డిక్కీలో స్పేర్ టైరు పోను ఒక సంచి పడుతుంది, గుడ్డ టాప్ మీద క్యారియర్ నిలవదు, డిక్కీ మూతకు పట్టీలతో తగిలించే ర్యాకు పాత రేకును సొట్ట పెడుతుంది. అందువల్ల వెనుక హిచ్, అంటే సైకిల్ ర్యాకును తగిలించడానికి కారు కింద బిగించే ఉక్కు చట్రం, బిగించాను. ఈ వివరాలు ఎంజీబీని దృష్టిలో పెట్టుకొని రాసినవే అయినా, విడిగా చాసిస్ లేకుండా బాడీయే చాసిస్‌గా పనిచేసే ఏ పాత రెండు సీట్ల కారుకైనా ఈ పద్ధతి వర్తిస్తుంది.

దుకాణాల్లో అడిగేటప్పుడు ‘బైక్ ర్యాక్’ అనకుండా ‘సైకిల్ ర్యాక్’ అనే అడగండి. మన ఊళ్లో బైకంటే మోటార్‌సైకిలే. నేను మొదట వెళ్లిన ఫ్యాబ్రికేషన్ షాపులో యజమాని కారును, నన్ను మార్చి మార్చి చూసి, నూటయాభై కిలోల బండిని దీని వెనుక వేలాడదీస్తారా అని అడిగాడు.

ముందు కాగితాల సంగతి చూసుకోవాలి. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కింద, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకున్న కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతు, పెట్రోలు వంటి అవసరాలకు మాత్రమే రోడ్డు మీదికి తేవాలి. సైకిళ్లు తీసుకొని షికారుకు వెళ్లడం ఆ కోవలోకి రాదు. మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉన్న కారుకైనా, రేపు ఆ వింటేజ్ నంబరుకు మారాలనుకుంటే చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా ఉండాలి. కాబట్టి వెల్డింగ్ జోలికి పోకుండా, పానాలతో విప్పితే కారు మళ్లీ పూర్వరూపానికి వచ్చేలా అంతా బోల్టులతోనే బిగించాలన్నది నేను పెట్టుకున్న నియమం. పాత కారు యజమానులకు దీన్ని గట్టిగానే సిఫార్సు చేస్తాను.

బరువు లెక్క

హిచ్ అనగానే అందరూ పైపు మందం గురించి అడుగుతారు, కానీ ప్రమాదం ఉన్నది పైపులో కాదు. రెండు హైబ్రిడ్ సైకిళ్లు ఒక్కొక్కటి 14 కిలోలు, ర్యాకు 20 కిలోలు అనుకుంటే మొత్తం 48 కిలోలు. ఈ భారం బంపరుకు సుమారు అర మీటరు వెనుక వేలాడుతుంది. ఎంజీబీలో వెనుక ఇరుసు నుంచి బంపరు దాకా మరో 0.8 మీటరు ఉంటుంది, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.31 మీటర్లు. 48ని 1.3తో గుణించి 2.31తో భాగిస్తే 27 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద 27 కిలోలు తగ్గి, వెనుక చక్రాల మీద 75 కిలోలు పెరుగుతుంది. దాదాపు 920 కిలోల కారుకు ఇది మోయలేని బరువేమీ కాదు గాని, స్టీరింగ్ కొంచెం తేలికైనట్లు అనిపించడానికి కారణం ఇదే.

ఇక గుంతలో పడినప్పుడు అదే భారం రెండింతలు, మూడింతలుగా లాగుతుంది. మూడింతలు అనుకుంటే బంపరు దగ్గర వంపు భారం 72 కిలోగ్రామ్-మీటర్లు. 50 మి.మీ. చదరపు పైపు, 4 మి.మీ. గోడ మందం ఉంటే, దానిలో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 70 న్యూటన్ల లోపే. మామూలు ఉక్కు లొంగేది 250 దగ్గర. కాబట్టి పైపు క్షేమం. అదే భారాన్ని అందుకునే కారు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు, దాని వయసు అరవై ఏళ్లు. హిచ్ వెనుక బోల్టులు రేకును కిందికి లాగుతుంటే, బ్రాకెట్ ముందు కొన పైకి తోస్తుంది. ఈ రెండు పట్టుల మధ్య దూరం 20 సెంటీమీటర్లే అయితే ముందు కొన దగ్గర 360 కిలోల తోపుడు వస్తుంది, 40 సెంటీమీటర్లు ఉంటే 180కి తగ్గుతుంది. పైపు మందం పెంచడానికి పెట్టే ఖర్చును బ్రాకెట్ పొడవు పెంచడానికి పెట్టడం తెలివైన పని.

తుప్పు పరీక్ష

కొలతలు తీసుకునే ముందు కారును జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, కిందికి దూరి చూడాలి. డిక్కీ నేల కింద రెండు వైపులా పెట్టెల్లా మడిచిన రేకు దూలాలు వెనక్కి సాగుతాయి. వెనుక కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) సంకెళ్లు పట్టుకునేది ఈ దూలాలనే. హిచ్ బరువు చేరవలసింది వీటికే గాని డిక్కీ నేల మధ్య రేకుకు కాదు. స్క్రూడ్రైవర్ పిడితో దూలం పొడవునా తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల తుప్పు తినేసిందని అర్థం. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి జరుపుకుంటూ పోతే, అది పట్టు వదిలిన చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్లు. నా కారులో ఎడమ దూలం చివర ఒక అంగుళం మేర అలాంటి పాత టింకరింగ్ బయటపడింది. దాన్ని కోసి కొత్త రేకు వేయించేదాకా నేను హిచ్ పని మొదలుపెట్టలేదు. అది మరమ్మతు కాబట్టి నా నియమం దానికి అడ్డురాలేదు. పుట్టీ మీద బోల్టు వేసినవారిని దేవుడే కాపాడాలి.

కొలతలు, సామాను

పాత ఫ్రిజ్ పెట్టె అట్టను దూలాల ఆకారానికి కత్తిరించి నమూనా చేసుకోవడం అన్నింటికన్నా నమ్మదగిన పద్ధతి. పాత కారు ఎడమ, కుడి వైపులు అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి రెండు అట్టలు విడివిడిగా తీసి, ఏది ఏ వైపుదో దాని మీదే రాసుకోవాలి. ఆ అట్టలతో బాలానగర్‌లోని ఏదైనా షాపుకు వెళితే 6 మి.మీ. ప్లేటును కోసి, వంచి ఇస్తారు. బోల్టులు, పైపు రాణిగంజ్‌లో దొరుకుతాయి. బోల్టు తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే తీసుకోవాలి. తూకానికి అమ్మే ముద్ర లేని బోల్టులు ఇంటి గేటుకు సరిపోతాయి గాని దీనికి పనికిరావు.

ర్యాకు దూరే గూటిని రిసీవర్ అంటారు. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న రెండంగుళాల రిసీవర్ లోపలి కొలత 50.8 మి.మీ., పిన్ను 16 మి.మీ. మన దగ్గర దొరికే 50 మి.మీ. చదరపు పైపు అందులో చక్కగా దూరుతుంది. రిసీవర్‌ను కూడా ఇక్కడే చేయించాలంటే 60 మి.మీ. పైపు, 4 మి.మీ. గోడ తీసుకోవచ్చు. లోపల 52 మి.మీ. వస్తుంది కాబట్టి ర్యాకు కొద్దిగా వదులుగా ఆడుతుంది. పైపు లోపలి వెల్డు గీతను ఆకురాయితో అరగదీసి, పక్క నుంచి ఒక బిగింపు బోల్టు పెడితే ఆ ఆట పోతుంది. హిచ్ ముక్కలను ఒకదానితో ఒకటి వెల్డింగ్ చేయించవచ్చు, కానీ ఆ పనంతా షాపులోనే, కారుకు దూరంగా జరగాలి.

హిచ్ అడ్డదూలం సైలెన్సర్ గొట్టం కన్నా కిందికి దిగకూడదు. ఎంజీబీ నేలకు అయిదంగుళాల ఎత్తులోనే ఉంటుంది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులు ఏ కొలత పుస్తకాన్నీ చదివి కట్టినవి కావు. అట్ట నమూనాను తాడుతో కట్టి, మీ సెల్లార్ ర్యాంపు మీద కారును ఒకసారి ఎక్కించి దించి చూస్తే, తరువాత కోసి అతికించే బాధ తప్పుతుంది.

రంధ్రాలు

ఈ పనిలో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న అంకం ఇదే. ఎంజీబీలో పెట్రోలు ట్యాంకు డిక్కీ నేలకు సరిగ్గా కింద వేలాడుతుంది. తొలి కార్లలో అది పట్టీల మీద ఉంటుంది, తరువాతి వాటిలో బోల్టులతో ఉంటుంది. పై నుంచి డ్రిల్ పెడితే మొన నేరుగా ట్యాంకులోకి దిగుతుంది. పెట్రోలు ఖాళీ చేసినంత మాత్రాన సరిపోదు, ఖాళీ ట్యాంకులోని ఆవిరి మరింత త్వరగా అంటుకుంటుంది. బ్యాటరీ తీగలు ముందు విప్పి, ట్యాంకును పూర్తిగా దించి, బయట గాలి ఆడే చోట, ఎవరూ సిగరెట్టు ముట్టించని మూలన పెట్టిన తరువాతే డ్రిల్ ముట్టుకోవాలి. ఒక పూట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

వీలైనంత వరకు కారులో ఇప్పటికే ఉన్న బంపరు బ్రాకెట్ రంధ్రాలను వాడుకుంటే కొత్తగా వేయవలసినవి నాలుగుకు మించవు. ముందు 3 మి.మీ. దారి రంధ్రం వేసి, దాన్ని దశలవారీగా 12.5 మి.మీ. దాకా పెంచాలి. కోసిన అంచుకు అప్పటికప్పుడే జింకు ప్రైమర్ పూసి ఆరనివ్వాలి, లేకపోతే రెండో వానాకాలానికి అక్కడ ఎర్రటి చార కనిపిస్తుంది.

పెట్టె ఆకారపు దూలంలోంచి బోల్టు వేసి బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. బోల్టు బిగిసిందనిపిస్తుంది, నిజానికి రేకు నలుగుతుంది. దీనికి విరుగుడుగా దూలం లోపలి ఎత్తుకు ఒక గోడ మందం కలిపి కోసిన మందపాటి గొట్టం ముక్కను బోల్టు చుట్టూ దూర్చాలి. ఒక లేత్ షాపులో అరగంట పని. పొడవు తేడా అర మిల్లీమీటరు లోపు ఉండేలా వెర్నియర్‌తో కొలిచి చేయించండి. ఆ గొట్టం లోపలికి వెళ్లాలంటే దూలం ఒక గోడకు రంధ్రం పెద్దది చేయాలి. ఆ పెద్ద రంధ్రాన్ని బ్రాకెట్ ప్లేటు కప్పేస్తుంది కాబట్టి బలానికి లోటు రాదు. డిక్కీ లోపలి వైపు మామూలు వాషర్లు వద్దు, అరచేతి వెడల్పున 5 మి.మీ. ప్లేటు ముక్కలను, మూలలు గుండ్రం చేసి పెట్టాలి. స్పేర్ టైరు కూర్చునే చోట బోల్టు తల పైకి పొడుచుకు రాకుండా పల్చటి తల ఉన్నవి ఎంచుకోవాలి. ప్లేటుకు, రేకుకు మధ్య సీలెంటు పూసి, నైలాన్ లాక్ నట్లతో, 12 మి.మీ. బోల్టులైతే 80 న్యూటన్-మీటర్ల దగ్గర టార్క్ పానాతో బిగిస్తే పని పూర్తవుతుంది.

లైట్లు

సైకిళ్లు ఎక్కించగానే వెనుక లైట్లు, నంబర్ ప్లేటు మరుగున పడతాయి. నంబరు కనిపించకపోతే చలాను ఖాయం, లైట్లు కనిపించకపోతే వెనుక వచ్చే లారీకి మనం లేనట్లే. కాబట్టి ర్యాకుకు ఒక ఎల్ఈడీ లైట్ల పట్టీ, దాని మీద నంబరు తప్పనిసరి. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1967 చివరి దాకా వచ్చిన ఎంజీబీలలో బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్ కొన. ఇప్పుడు దొరికే ఎల్ఈడీ పట్టీల నల్ల తీగ, చాలాసార్లు వాటి ఇనుప ఒళ్లు కూడా, నెగెటివ్. అలాంటి పట్టీని ర్యాకుకు నేరుగా బిగిస్తే, నెగెటివ్ తీగ ర్యాకు ద్వారా పాజిటివ్ బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. తీగలు తారుమారు చేసి కలిపినా సాధారణ ఎల్ఈడీ వెలగదు. సులువైన పరిష్కారం రెండు కొనలూ విడిగా ఉండే మామూలు బల్బుల పట్టీ. ఎల్ఈడీయే కావాలంటే చిన్న రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) పెట్టించి, పట్టీని రబ్బరు వాషర్ల మీద ర్యాకు నుంచి విడదీసి బిగించాలి. బల్బులు వాడితే ఇండికేటర్ టకటక లయ మారుతుంది, దానికి కొత్త ఫ్లాషర్ వేసుకుంటే సరి. ఈ లైట్ల కోసం 5 ఆంపియర్ల ఫ్యూజు విడిగా పెట్టాలి, ఎందుకంటే ఆ కాలపు ఎంజీబీ ఫ్యూజు పెట్టెలోని రెండు ఫ్యూజులూ 35 ఆంపియర్లవి, సన్నని తీగ కాలిపోయినా అవి పోవు.

పరీక్ష, ప్రయాణం

సైకిళ్ల కన్నా ముందు బియ్యం బస్తాలు ఎక్కించాలి. 25 కిలోల బస్తాలు నాలుగు ర్యాకుకు కట్టి ఒక రాత్రి వదిలేస్తే, అసలు భారానికి రెండింతలు మోయించినట్లు. అంతకుముందే నాలుగు చక్రాల దగ్గర ఇరుసు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోండి. బస్తాలు దించాక ఆ కొలతలు మళ్లీ అంతే రావాలి. వెనుక భాగం కొన్ని మిల్లీమీటర్లు కిందే ఉండిపోతే మొదట వెనుక కమాను పట్టీలను మెకానిక్‌కు చూపించాలి, తరువాతే హిచ్ మాట.

ఎంజీబీ వెడల్పు 1.52 మీటర్లు, పెద్దల సైకిలు పొడవు సుమారు 1.75 మీటర్లు. అలాగే ఎక్కిస్తే రెండు పక్కలా చక్రాలు బయటికి పొడుచుకు వస్తాయి, ఇరుకు సందుల్లో పక్కనుంచి దూసుకొచ్చే ఆటోలకు తగులుతాయి. బయటికి పొడుచుకు వచ్చిన సామానుకు మోటారు వాహన చట్టంలో 20,000 రూపాయల జరిమానా కూడా ఉంది. ముందు చక్రం విప్పి పెడితే పొడవు దాదాపు 1.4 మీటర్లకు తగ్గి, కారు వెడల్పు లోపలే ఉంటుంది.

సైలెన్సర్ గొట్టం ఏ వైపు ఉందో చూసి, ఆ వైపు సైకిలు టైరు రాకుండా సర్దాలి. మొదటిసారి నేను ఇది పట్టించుకోలేదు. నార్సింగి చేరేసరికి మా అబ్బాయి సైకిలు వెనుక టైరు ఒక పక్క మెత్తబడి ఉబ్బి ఉంది, వాడు ఆ రోజు ట్రాక్ పక్కన కూర్చుని మమ్మల్ని చూస్తూ గడిపాడు.

వెనుక టైర్లలో గాలి పుస్తకంలో చెప్పినదానికన్నా రెండు నుంచి నాలుగు పీఎస్ఐ ఎక్కువ పెట్టి, వెనుక డ్యాంపర్లలో (షాక్ అబ్జార్బర్లలో) నూనె మట్టం చూసుకొని బయలుదేరండి. ఔటర్ మీద మిగతావాళ్లు ఎంత వేగంగా పోయినా గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దు. మొదటి 10 కిలోమీటర్ల తరువాత ఆగి బోల్టులన్నీ పానాతో చూడాలి, 100 కిలోమీటర్లకు మరోసారి చూడాలి. ఇంటికి వచ్చాక ర్యాకును తీసేసి, రిసీవర్ గూటికి రబ్బరు మూత పెట్టండి, లేకపోతే వానాకాలంలో నీరు నిలిచి, వచ్చే నెల పిన్ను సుత్తి దెబ్బ లేకుండా బయటికి రాదు.