గని పైకప్పు పాఠాలు – 4: పిల్లర్ మోసే బరువు, ఇంకోసారి

బొగ్గు గనిలో పైకప్పును మోయడానికి తీయకుండా వదిలిన బొగ్గు దిమ్మే పిల్లర్. దాని మీద ఒత్తిడి ఎంత అని పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు చాలామంది 2.33 మెగాపాస్కల్ అని రాశారు. జవాబు 2.64. కాబట్టి ముందు దాన్ని సరిచేయాలి; ఈసారికి అనుకున్న రూఫ్ బోల్టుల (పైకప్పును పట్టి ఉంచే కడ్డీల) పాఠం లేనట్టే. పక్కల నుంచి వచ్చే ఒత్తిడి సంగతి అడిగినవాళ్ళు కూడా కాస్త ఆగాలి.

లెక్క ఇదీ: లోతు 60 మీటర్లు, గ్యాలరీ (పిల్లర్ల మధ్య తవ్విన దారి) వెడల్పు 4.8, పిల్లర్ 19.5. మీటరు లోతుకు 0.025 మెగాపాస్కల్ చొప్పున పైరాతి ఒత్తిడి 1.5. ఇక్కడిదాకా అందరూ బాగానే వచ్చారు. ఆ 19.5ను బొగ్గు వెడల్పు అనుకుని, దానికి మళ్ళీ 4.8 కలపడంతో వచ్చింది తంటా. కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ పట్టికలో పిల్లర్ సైజు సెంటర్ నుంచి సెంటర్‌కు ఇస్తారు. అటు సగం గ్యాలరీ, ఇటు సగం గ్యాలరీ అందులోనే ఉన్నాయి. నిలబడిన బొగ్గు 14.7 మాత్రమే. గ్యాలరీ మీది బరువూ దాని నెత్తినే పడుతుంది.

వెలికితీత శాతంతో (ఎంత బొగ్గు తీశారన్న లెక్కతో) చేసే సూత్రం నాకు నచ్చదు. 19.5ను 14.7తో భాగించి, వర్గం చేస్తే 1.76. దాన్ని 1.5తో గుణించండి, అయిపోయింది.

ఇంత చిన్న తేడాకు ఇంత రాద్ధాంతమా అనకండి. అదే తప్పు కొలతను పిల్లర్ బలం లెక్కలోనూ వేస్తారు. అక్కడ వెడల్పు పెరిగితే బలం పెరిగినట్టు కనిపిస్తుంది. బరువు తక్కువ, బలం ఎక్కువ: రెండు తప్పులూ ధైర్యం చెప్పేవే. దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ బొగ్గు గనిలో పిల్లర్లను సన్నం చేశారు, పైబొగ్గు తీసి ఎత్తు పెంచారు. 1960 జనవరి 21న అవి వరసగా కూలి 400 మందికి పైగా పోయారు.

ఇంకో మాట. ప్లాన్‌లో 14.7 ఉందని గనిలోనూ అంతే ఉండదు. బ్లాస్టింగ్‌కు, బరువుకు పిల్లర్ సైడ్లు రాలతాయి. బొగ్గు ధూళి పేలకుండా రాతిపొడి చల్లిన తెల్లటి గోడ మీద నల్లగా కొత్త మచ్చ కనిపిస్తే, కింద బొగ్గు పెచ్చులు ఉంటాయి, చూడండి. ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు రాలితే నిలబడిన బొగ్గు 14.1, ఒత్తిడి 2.87. నేనైతే ప్లాన్ నమ్మను, నడుము ఎత్తులో టేపు పెడతాను.

అభ్యాసం: లోతు 200, సెంటర్ దూరం 34.5, గ్యాలరీ 4.8. చుట్టూ ఇలాంటి పిల్లర్లే. ఇప్పుడు ప్రతి పిల్లర్ మధ్యలోంచి 4.8 వెడల్పున ఒక స్ప్లిట్ (పిల్లర్‌ను రెండుగా చీల్చే దారి) తోలారు. మిగిలిన సగాల మీద ఒత్తిడి ఎంత? 8.05 దగ్గర రావాలి. ఈసారి వర్గం పనిచేయదు, విస్తీర్ణాలే వేసుకోవాలి. వచ్చాక, ఆ సగం గోఫ్ (బొగ్గంతా తీసేశాక మిగిలిన ఖాళీ) అంచున ఉంటే ఈ అంకె ఎందుకు చాలదో ఐదు వాక్యాల్లో రాయండి. బొమ్మ లేకుండా పంపితే దిద్దను.