ఊరి నీళ్లతో లెక్కలు - 4వ పాఠం: బిందెలు కలిపితే ఫ్లోరైడ్ ఎంత?

కనిగిరి, పామూరు వైపు పిల్లలకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఆ రెండు అంకెలూ బోర్డు మీద ఒక మూల రాసి ఉంచండి. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద మచ్చలున్న పిల్లవాణ్ణి మాత్రం ఉదాహరణగా లేపి నిలబెట్టకండి. లెక్క పోయి వెక్కిరింత మిగులుతుంది.

బోరు నీళ్లలో లీటరుకు 4 మి.గ్రా., ట్యాంకరులో వచ్చే సాగర్ నీళ్లలో 0.5 అనుకుందాం. బిందె 10 లీటర్లు. ఒక బిందె బోరువి, ఒక బిందె ట్యాంకరువి కలిపితే? పిల్లలు 4, 0.5 కూడి సగం చేసి 2.25 అంటారు. జవాబు సరైనదే, చిక్కంతా అక్కడే. వెంటనే ట్యాంకరు బిందెలు మూడు చేయండి. మళ్లీ 2.25 అనే అంటారు. తప్పని చెప్పకుండా బిందెకొక గడి గీయించి, ఏ గడిలో ఎన్ని మిల్లీగ్రాములో రాయించండి: 40, 5, 5, 5. మొత్తం 55, నీళ్లు 40 లీటర్లు. 55ను 40తో భాగిస్తే 1.375. కూడాల్సింది గాఢతలను (లీటరుకు ఎంత అనే అంకెలను) కాదు, మిల్లీగ్రాములను అని గడులే చూపిస్తాయి.

1కి దించాలంటే ఎన్ని ట్యాంకరు బిందెలు కావాలి? వాటిని న అనుకుందాం. ఎడమవైపు బిందెల్లో ఉన్న మొత్తం మిల్లీగ్రాములు, కుడివైపు లీటరుకు 1 చొప్పున ఉండాల్సినవి:

40 + 5న = 10 + 10న

న = 6. ఒక్క బోరు బిందెకు ఆరు ట్యాంకరు బిందెలు! ఆ ఆరూ ఇంట్లో ఎవరు మోస్తారు, ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తే సరిపోతాయా అని అడగండి. పోయిన పాఠంలో ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన బిందెల పట్టిక ఇక్కడ పనికొస్తుంది.

"కాచి తాగితే పోతుంది కదా సార్" అని ఎవరో ఒకరు అంటారు. 2 మి.గ్రా. ఉన్న 10 లీటర్లు కాగి 8 అయితే, ఫ్లోరైడ్ ఆవిరైపోదు గనుక ఆ 20 మిల్లీగ్రాములూ అందులోనే ఉంటాయి. లీటరుకు 2.5 అవుతుంది.

ఇంటిపని: ట్యాంకరు నీళ్లలోనే 1.2 ఉంటే పై సమీకరణం మళ్లీ చేయండి. మైనస్ 15 బిందెలు వస్తుంది. దాని అర్థమేమిటో ఒక్క వాక్యంలో రాసుకురమ్మనండి.