హైపో కొట్టే ముందు ఆకాశం చూడండి

సాఫ్ట్‌వాష్‌లో, అంటే తక్కువ ప్రెషర్‌తో మందు కొట్టి గోడలు కడిగే పద్ధతిలో, పాచిని చంపేది నీటి ప్రెషర్ కాదు, హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచ్ ద్రావణం). ఆ మందు గోడ మీద పది, పదిహేను నిమిషాలు తడిగా నిలవాలి. అందుకే చెన్నైలో పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఎండ: మే నెలలో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గోడకు అరచేయి ఆనించండి. చురుక్కుమంటే ఆగండి. మందు వెంటనే ఆరిపోతుంది, పాచి చావదు, తెల్ల చారలు మిగులుతాయి. నేను ఉదయం ఆరింటికే పడమటి గోడతో మొదలుపెడతాను. తూర్పు గోడ నీడ పడ్డాకే.

• గాలి: నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే. వేసవి మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి లేస్తుంది, తుంపర పక్కింటికి పోతుంది. బీసెంట్ నగర్‌లో ఒకసారి మధ్యాహ్నం రెండు గంటలకి స్ప్రే చేశాను. పక్కింటి పెద్దావిడ కరివేపాకు చెట్టు మాడిపోయింది. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తే. ఆకులు కదులుతుంటే స్ప్రే ఆపి బ్రష్ పట్టండి. మొక్కల్ని ముందే బాగా తడపండి, అయ్యాక మళ్లీ కడగండి. కార్లు, ఆరేసిన బట్టలు తీయించండి.

• వాన: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణ శాఖ రాడార్ చూడకుండా బయల్దేరకండి. కొట్టగానే వాన పడితే మందు పలచబడి మొక్కల్లోకే పోతుంది. కడిగాక పడితే పర్లేదు.

• డబ్బాలు నీడలో పెట్టండి. వేడికి హైపో బలం తగ్గుతుంది.

• ఉక్కపోసినా గాగుల్స్, గ్లవ్స్ తీయొద్దు. హైపోలో యాసిడ్ అస్సలు కలపొద్దు, క్లోరిన్ విషవాయువు వస్తుంది.