వెబ్ ఆప్షన్స్ పెట్టేముందు ఇవి చూస్కోండి

ఇంజినీరింగ్ సీట్లకు రాసే ఎప్‌సెట్ ర్యాంకు రాంగనే ఫోన్లు మొదలైతయ్, మా కాలేజీల సీటు ఇప్పిస్తం, ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాల్నో ఆన్‌లైన్ల పెట్టే లిస్టు) మేమే పెడ్తం అని. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవ్వరికీ ఇయ్యకండి, కూసొని మీరే పెట్టుకోండి, అంత కష్టమేం కాదు.

ముందు కౌన్సెలింగ్ వెబ్‌సైట్ల పోయినేడాది లాస్ట్ ర్యాంకుల ఫైల్ ఉంటది, అది డౌన్‌లోడ్ చేస్కోండి. అందుల మీ బ్రాంచి, మీ కేటగిరీ, అమ్మాయిలా అబ్బాయిలా, ఆ కాలమ్ చూడాలె. చానమంది ఓసీ కాలమ్ చూసి భయపడి మంచి కాలేజీని లిస్టుల పెట్టనే పెట్టరు.

ఆప్షన్ల వరుస ర్యాంకును బట్టి కాదు, మీ ఇష్టాన్ని బట్టి పెట్టండి. సిస్టం మీ లిస్టును పైనుంచి చూస్కుంట వచ్చి మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇస్తది, అందుకని రాదేమో అనుకున్న కాలేజీని పైన పెడితే పోయేదేం లేదు. కానీ చదవాలని లేని కాలేజీని మాత్రం పైన పెట్టొద్దు, ఎందుకంటే రెండో ఫేజ్‌ల అది వచ్చిందనుకో, ముందు వచ్చిన సీటు పోతది, మళ్ల రాదు.

వరంగల్ నిట్‌కు దారి వేరే, జేఈఈ మెయిన్ ర్యాంకుతోని జోసాల, అంటే ఐఐటీలు, నిట్‌ల సీట్ల కౌన్సెలింగ్‌ల, ఆప్షన్లు పెట్టాలె. సగం సీట్లు హోం స్టేట్‌వే, అయితే ఇంటర్ ఎక్కడ పాసైతే అదే హోం స్టేట్. మన హన్మకొండ పిల్లగాడైనా విజయవాడల ఇంటర్ చదివితే ఆంధ్ర లెక్కల్నే పోతడు, ఇది పదో తరగతి అయిపోయినప్పుడే ఆలోచించాలె.

ఇగ అన్నిటికన్న ముఖ్యమైంది, క్లాసులు నడిచే రోజు కాలేజీకి పోయి రండి. ఆఫీసుల కాదు, గేటు బయట చాయ్ దగ్గర ఫైనలియర్ పిల్లల్ని అడగండి, సార్లు ఏడాది మధ్యల మారుతున్నరా, ల్యాబ్‌ల నిజంగ చేయిస్తున్నరా, మీ సెక్షన్ల ఎంతమందికి ఉద్యోగాలొచ్చినయ్, జీతమెంత అని. ఫ్లెక్సీ మీద పెద్ద ప్యాకేజీ ఒక్కరిదే ఉంటది, మిగతావాళ్ల సంగతి ఆ పిల్లలే చెప్తరు. కాలేజీ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులల్ల న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ మాత్రం బ్రాంచిని బట్టి ఇస్తరు, మీ బ్రాంచికి ఉందా లేదా చూడండి.

హైదరాబాద్ అనంగనే ఉరకకండి. శివార్ల మామూలు కాలేజీకి హాస్టల్ ఖర్చు పెట్టుకునుడు కన్న ఇక్కడ వరంగల్‌ల కిట్స్‌ల, కాకతీయ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీల మంచి బ్రాంచి దొరికితే నేనైతే ఇక్కడ్నే చేరమంట. ఫీజు రీయింబర్స్‌మెంట్ కౌన్సెలింగ్‌ల వచ్చే కన్వీనర్ సీటుకే, మేనేజ్‌మెంట్ కోటాకు రాదు.

ఆప్షన్లు ఫ్రీజ్ (ఖాయం) చేసే ముందు లిస్టు ప్రింటు తీసి ఇంట్ల ఇద్దరు చూడండి, కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ ఒక్కొక్కటి సరిచూసినంకనే బటన్ నొక్కండి.