నవలని తెర మీద తూచడం – నాలుగో పాఠం: కథ చెప్పే మనిషిని ఏం చేశారు?

పోయిన పాఠంలో, ఒక నవలని సినిమాగా తీసినప్పుడు అందులోంచి ఏం తీసేశారో, కొత్తగా ఏం కలిపారో లిస్టు రాసుకోమన్నాను కదా. రాసుంటే ఆ కాగితం దాచండి, చివర్లో పనికొస్తుంది. నేనూ మొదట్లో అక్కడే ఆగిపోయేవాణ్ణి. ద ప్రిన్సెస్ బ్రైడ్ సినిమా ముందు చూసి, చాన్నాళ్లకి నవల చదివి, మళ్లీ సినిమా పెట్టుకుని పాజ్ కొడుతూ కొడుతూ నోట్‌బుక్‌లో 41 తేడాలు రాశా, ఏదో ఘనకార్యం చేసినట్టు మా తమ్ముడికి చూపిస్తే వాడు పేజీలు తిప్పి "అంతా బానే ఉంది గానీ, ఇంతకీ సినిమా బాగా తీసినట్టా కాదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 41 పాయింట్లున్నాయి, తీర్పు మాత్రం లేదు.

అందుకే ఈసారి ఒక్కటే ప్రశ్న. నవల్లో కథ చెప్పే మనిషి ఒకడుంటాడు, తెర మీదకొచ్చేసరికి వాణ్ణి ఏం చేశారు?

మామూలు సాహసగాథకి ఈ ప్రశ్న పెద్దగా అక్కర్లేదు. నవ్వించే ఫాంటసీకి మాత్రం ఇదే ప్రాణం, ఎందుకంటే రాజకుమారి, కత్తియుద్ధం, దుర్మార్గుడైన యువరాజు, ఇవి ఎవడి కథలోనైనా దొరికేవే, వాటి గురించి చెప్పేవాడు పక్కనుంచి అనే మాటల్లోనే నవ్వంతా ఉంటుంది. చందమామలో బేతాళ కథలు గుర్తు తెచ్చుకోండి. లోపలి కథ నెలనెలా మారిపోయేది, మనకి దాని పేరు కూడా గుర్తుండదు, కానీ భుజం మీద శవం, మాట్లాడకుండా నడిచే రాజు, ఆఖర్న మౌనం చెడగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కడం, అదెవడు మర్చిపోతాడు? బేతాళుణ్ణి పీకేసి లోపలి కథొక్కటే సినిమా తీసి, చూడండి ఒక్క ముక్క వదల్లేదు అంటే ఒప్పుకుంటామా?

ఇప్పుడు మన నవల. విలియం గోల్డ్‌మన్ 1973లో రాసింది. ఈయన వేసిన వేషం ఏంటంటే, ఈ పుస్తకం నాది కాదు, ఫ్లోరిన్ అనే దేశంలో మోర్గెన్‌స్టెర్న్ అనే మహానుభావుడు రాసిన పెద్ద గ్రంథం, చిన్నప్పుడు నాకు జబ్బు చేస్తే మా నాన్న చదివి వినిపించాడు, పెద్దయ్యాక అసలు పుస్తకం తెరిస్తే అంతా బోరు, నాన్న బాగున్న ముక్కలే చదివాడన్నమాట, అందుకని నేనూ ఆ ముక్కలే ఉంచి మిగతాది కోసేశా అంటాడు. ఫ్లోరినూ లేదు, మోర్గెన్‌స్టెర్నూ లేడు. పుస్తకంలో ఒక కొడుకు గురించి విసుక్కుంటాడు, నిజంగా ఆయనకున్నది ఇద్దరు కూతుళ్లు. కథ మధ్యలో దూరి, ఇక్కడ ట్రంకుపెట్టెలు సర్దే భాగం కొట్టేశాను, ఎందుకో చెప్తా వినండి అంటూ సణుగుతాడు. ఆ సణుగుడే నవల.

1987లో రాబ్ రైనర్ సినిమా తీశాడు, స్క్రీన్‌ప్లే గోల్డ్‌మన్‌దే. (రచయితే రాశాడు కాబట్టి బాగానే ఉండుంటుంది అనే వాదన ఈ పాఠాల్లో చెల్లదు. రాసినవాడు కూడా తన పుస్తకాన్ని చెడగొట్టగలడు.) సినిమాలో నాన్నా లేడు, విసుక్కునే గోల్డ్‌మనూ లేడు. జ్వరంతో మంచం మీద పడున్న మనవడు, పుస్తకం పట్టుకొచ్చిన తాతయ్య, అంతే. పీటర్ ఫాక్, ఫ్రెడ్ సావేజ్ చేశారు.

ఒక సీన్ దగ్గరగా చూద్దాం. కథానాయిక బటర్‌కప్‌ని ఎత్తుకుపోతుంటే రాత్రిపూట పడవలోంచి నీళ్లలోకి దూకేస్తుంది. నవల్లో సొరచేపలు, సినిమాలో కీచుమని అరిచే పెద్ద పెద్ద ఈల్ చేపలు. నా 41లో ఇది మూడో నంబరు, పక్కన రెండు ప్రశ్నార్థకాలు కూడా పెట్టా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, సొరచేపైతే ఏంటి ఈలైతే ఏంటి! అసలు విషయం వేరే. ఈల్ నోరు తెరుచుకుని మీద పడబోయే క్షణంలో బొమ్మ ఠక్కున పడగ్గదిలోకొస్తుంది, ఇప్పుడు ఆ పిల్లని అది తినదులే అంటాడు తాతయ్య. పిల్లాడు ఏంటీ అంటాడు. నువ్వు భయపడుతున్నావని ముందే చెప్పా అంటే, వాడు దుప్పటి గట్టిగా పట్టుకుని, భయం కాదు, కొంచెం కంగారంతే అని బుకాయిస్తాడు. తర్వాత తాతయ్య వెతుక్కుంటూ చదివేసిన లైనే మళ్లీ చదువుతాడు, మనవడు అది అయిపోయింది కదా అంటాడు.

నవల్లో నాన్న కూడా ఇదే చోట ఆగి, సొరచేపలు ఆ పిల్లని తినవురా అని చెప్తాడు. అంటే చేప మారింది, అడ్డుపడటం మారలేదు. పైగా ఆ చదివిందే చదవడం ఉంది చూశారూ, అది తెర మీదే అంత పండుతుంది, ఎందుకంటే అప్పటిదాకా మనం చూస్తోంది ఒక ముసలాయన చదువుతున్న పుస్తకమని మర్చిపోయి ఉంటాం.

ఇక మీరు చేయాల్సింది. నవల్లో మీకు బాగా నవ్వొచ్చిన పేరా ఒకటి తీసుకోండి, జిరాక్స్ అయితే ఇంకా మంచిది. అందులో కెమెరాకి కనపడేదీ మైక్‌కి వినపడేదీ అంతా పెన్సిల్‌తో కొట్టేయండి. మనిషి వచ్చాడు, కత్తి తీశాడు, ఫలానా మాటన్నాడు, అన్నీ కొట్టేయండి. మిగిలిందే చెప్పేవాడి గొంతు. ఇప్పుడు సినిమాలో ఆ సీన్ పెట్టుకుని, మిగిలిన ముక్కకి ఏం ఏర్పాటు చేశారో వెతకండి. వాయిస్ ఓవర్‌లో పెట్టారా, పాత్ర నోట్లో పెట్టారా, కట్ చేసే టైమింగ్‌లో పెట్టారా, లేక గాల్లో వదిలేశారా?

తండ్రిని చంపినవాడి కోసం వెతికే కత్తివీరుడు ఇనీగో మోంటోయా దగ్గర నేను ఇలాగే దొరికిపోయా. నవల్లో వాళ్ల నాన్న ఆరువేళ్లవాడి కోసం కత్తి తయారుచేయడం, వాడు ఆయన్ని చంపేయడం, ఇదంతా పేజీలకి పేజీలు. సినిమాలో కొండ మీద బటర్‌కప్ ప్రేమికుడు వెస్ట్‌లీతో ద్వంద్వయుద్ధానికి ముందు నాలుగు మాటల్లో తేల్చేస్తారు. అన్యాయం అని రాసుకున్నా. పెన్సిల్ పరీక్ష పెట్టాక చూస్తే, ఆ సీన్‌లో నవ్వు ఎక్కడిదంటే, ఇంకాసేపట్లో ఒకణ్ణొకడు పొడుచుకోబోయేవాళ్లు కొండెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చుని పెద్దమనుషుల్లా కబుర్లు చెప్పుకోవడం, మీ కుడిచేతికి ఆరు వేళ్లేమైనా ఉన్నాయాండీ అన్నట్టు మర్యాదగా అడగడం. అది చెక్కుచెదరకుండా ఉంది. కథ తగ్గింది గానీ గొంతు తగ్గలేదు, లిస్టులోంచి కొట్టేశా.

అన్నీ ఇలా కలిసిరావు. నవల చివర్లో మోర్గెన్‌స్టెర్న్ ముగింపంటూ ఒకటి పెడతాడు, ఇనీగో గాయం మళ్లీ తెరుచుకుంటుంది, ఇనీగోతో ఉండే భారీకాయుడు ఫెజ్జిక్ దారి తప్పుతాడు, గుర్రం నాడా ఊడిపోతుంది, వెనక తరుముకొచ్చేవాళ్ల చప్పుడు. జీవితం న్యాయంగా ఉండదురా అనే చేదు ఆ పుస్తకం నిండా ఉంది, మనల్ని నవ్విస్తూనే ఆ చేదు తాగిస్తాడు. సినిమాలో నాలుగు తెల్ల గుర్రాలు, ముద్దు, పుస్తకం మూసిన తాతయ్యని మనవడు రేపు కూడా రమ్మనడం, దానికాయన, బటర్‌కప్‌తో వెస్ట్‌లీ ఎప్పుడూ అనే "నీ ఇష్టం" (యాజ్ యూ విష్) అన్న మాటతోనే జవాబివ్వడం. నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది, కాదనను. అయినా నిజం చెప్పుకోవాలి, విసుగుపుట్టిన నడివయసు మనిషి గొంతు తీసేసి ప్రేమగల తాతయ్య గొంతు పెట్టారు. చెప్పే మనిషిని ఉంచారు, వాడి మనసు మార్చారు. నా లెక్కలో పది మార్కులకి ఎనిమిది, పోయిన రెండూ ఇక్కడే. థియేటర్లలో ఓ మోస్తరుగా ఆడి వీడియో క్యాసెట్లొచ్చాక అందరి సినిమా అయిందనీ, 2016లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో (భద్రంగా కాపాడాల్సిన సినిమాల జాబితా) చేర్చారనీ చెప్తుంటారు, అవి సినిమా అదృష్టానికి సంబంధించినవి, మన తూకంలో వేయకండి.

హోంవర్క్‌కి గుడ్ ఓమెన్స్ తీసుకోండి. టెర్రీ ప్రాచెట్, నీల్ గైమన్ కలిసి రాసిన 1990 నవల, 2019లో ఆరు ఎపిసోడ్ల సిరీస్‌గా వచ్చింది. నవల్లో జోకులు సగం ఫుట్‌నోట్లలో దాక్కుని ఉంటాయి. సిరీస్‌లో దేవుడి గొంతుగా ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ వాయిస్ ఓవర్ చెప్తుంది. మీ ప్రశ్న ఏంటంటే, ఆ గొంతు బొమ్మ చూపించలేనిది చెప్తోందా, లేక బొమ్మలో ఆల్రెడీ ఉన్నదే మళ్లీ చెప్తోందా? మొదటి ఎపిసోడ్‌లో పసిపిల్లలు తారుమారయ్యే సీన్ ఒక్కటి చాలు, ఒకసారి సౌండ్‌తో, ఒకసారి మ్యూట్‌లో చూడండి. మూడో ఎపిసోడ్‌లో టైటిల్స్ పడకముందు దాదాపు అరగంట నవల్లో లేని చరిత్రంతా నడుస్తుంది, దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి, కలిపినవాటిని ఎలా తూచాలో వచ్చే పాఠంలో దానితోనే మొదలెడతా. దాచమన్న లిస్టు తీసి, పెన్సిల్ పరీక్షకి నిలబడని తేడాలన్నీ కొట్టేయండి. నాకు 41లో ఆరు మిగిలాయి.