అమ్మకాల ఖాతా పేమెంట్ గేట్‌వే పేరిట పడుతుంటే: నా అనుభవం

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో మా బాబాయి నడిపే ముత్యాల దుకాణం వెబ్‌సైట్‌ను నేనే చూసుకుంటాను. సైటుకు ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4లో ఆర్డర్లన్నీ పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే సేవ) సైటు నుంచే వచ్చినట్టు కనిపించేవి. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల డబ్బు మూసీలో పోసినట్టేనని బాబాయి తేల్చేశారు కూడా. సైటులో ఉండే అనలిటిక్స్ కోడ్‌ను, అంటే ట్యాగ్‌ను, తీసి మళ్లీ పెట్టాను, కుకీలు తుడిచాను, ప్లగిన్ మార్చాను; ఫలితం లేదు.

అసలు కారణం ఏమిటంటే, డబ్బు కట్టి మన సైటుకు తిరిగి వచ్చిన కొనుగోలుదారు ఏ పేజీ నుంచి వచ్చారో బ్రౌజర్ చెప్పినప్పుడు, అనలిటిక్స్ ఆ గేట్‌వేనే కొత్త మూలంగా రాసుకుంటుంది.

ముందుగా, సందర్శకులు ఎక్కడి నుంచి వచ్చారో చూపే ట్రాఫిక్ అక్విజిషన్ నివేదికలో ‘రెఫరల్’ (వేరే సైటు నుంచి రాక) అని ఉన్న డొమైన్లను, అంటే సైటు చిరునామాలను, కాగితంపై రాసుకున్నాను. గేట్‌వేతో పాటు, కార్డు ఓటీపీ అడిగే బ్యాంకు పేజీ కూడా అందులో తేలింది. నేను అంతవరకు గమనించనిది అదే. తరువాత అడ్మిన్‌లో డేటా స్ట్రీమ్స్ తెరిచి, మా వెబ్ స్ట్రీమ్‌ను ఎంచుకుని, కాన్ఫిగర్ ట్యాగ్ సెట్టింగ్స్‌లో ‘షో ఆల్’ నొక్కితే ‘లిస్ట్ అన్‌వాంటెడ్ రెఫరల్స్’ (మూలంగా లెక్కించకూడని సైటుల జాబితా) కనిపించింది. అక్కడ ‘కంటెయిన్స్’ (చిరునామాలో ఆ పేరు ఉంటే చాలు) షరతుతో ఒక్కొక్క డొమైన్‌ను చేర్చి, సేవ్ చేశాను. ఒక స్ట్రీమ్‌కు 50 వరకు చేర్చవచ్చు.

పాత లెక్కలు మారవు. ఆ తరువాత వచ్చిన ఆర్డర్లు మాత్రం ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ శోధనల కింద విడివిడిగా కనిపిస్తున్నాయి. మా ప్రకటనల లింకులకు యూటీఎం గుర్తులు (ఏ ప్రకటన నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర చేర్చేవి) ముందే ఉన్నాయి కాబట్టి ఇది ఇంత శుభ్రంగా కుదిరిందేమో. అవి లేని సైటులో ఆ ఆర్డర్లు కొన్ని ‘డైరెక్ట్’లో, అంటే మూలం తెలియనివాటిలో, చేరిపోయే అవకాశం ఉంది.