కొత్త వెర్షన్‌కు మారే ముందు, మారిన తరువాత: ప్లాన్లు గీసే ఆఫీసులకు కొన్ని జాగ్రత్తలు

ఆషాఢంలో శంకుస్థాపనలు ఉండవు కాబట్టి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మొదలుకొని శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వరకు ఇంటి ప్లాన్లు గీసే చిన్న ఆఫీసుల్లో పని కాస్త నెమ్మదిస్తుంది. శ్రావణం రాగానే మళ్లీ ఊపిరి సలపదు. ఆటోక్యాడ్ వంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్‌కు మారాలనుకునేవారు ఈ నెల రోజుల విరామాన్నే వాడుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆటోక్యాడ్ కొత్త వెర్షన్ సాధారణంగా మార్చి నెలలో వస్తుంది. వచ్చిన వెంటనే దించుకుంటే వైశాఖ ముహూర్తాల ఒత్తిడి మధ్యలో కొత్త తెరతో కుస్తీ పట్టవలసి వస్తుంది. ఆషాఢం వరకు ఆగితే ఈలోగా తొలి లోపాలను సరిచేసే అప్‌డేట్లు కూడా వచ్చి ఉంటాయి, తప్పు జరిగినా దిద్దుకునే వ్యవధి మన చేతిలో ఉంటుంది.

వెర్షన్ మారినప్పుడు అందరూ భయపడేది తెర రూపం మారుతుందని. 2009 వెర్షన్‌లో రిబ్బన్ (తెర పైభాగాన బొమ్మల బటన్ల పట్టీ) వచ్చినప్పుడు, 2015 వెర్షన్‌లో పాత క్లాసిక్ వర్క్‌స్పేస్‌ను, అంటే పాత మెనూలు, టూల్‌బార్లు ఉండే తెర అమరికను తీసివేసినప్పుడు మన ప్రాంతంలో చాలామంది సీనియర్ డ్రాఫ్ట్స్‌మెన్ ఇక పని చేయలేమని నిరాశపడటం నేను చూశాను. కానీ తెర రూపం మారడం వల్ల పోయేది కొంత సమయం మాత్రమే. అసలు ప్రమాదం కంటికి కనిపించని మార్పులో ఉంది. మనకు ఇరవై ఏళ్లుగా అలవాటైన కమాండ్ అదే పేరుతో, అదే షార్ట్‌కట్‌తో ఉంటూనే లోపల వేరే విధంగా పనిచేయడం మొదలుపెడితే ఆ తప్పు కాగితం మీద కాక సైటులో, ఇటుక గోడ రూపంలో బయటపడుతుంది.

గీతలను కత్తిరించే ట్రిమ్ కమాండ్ ఇందుకు సరైన ఉదాహరణ. 2020 వెర్షన్ వరకు ట్రిమ్ కొట్టగానే ముందు హద్దు గీతలను ఎంచుకోమని అడిగేది, ఆ తరువాతే కత్తిరించేది. 2021 నుంచి క్విక్ మోడ్ దానంతటదే అమలులోకి వచ్చింది. ఇందులో డ్రాయింగ్‌లోని గీతలన్నీ హద్దులుగానే లెక్కకు వస్తాయి. మౌస్ బటన్ నొక్కి పట్టి లాగితే ఆ దారిలో తగిలిన ప్రతి గీతా తెగుతుంది, తెగడానికి హద్దు దొరకని గీత పూర్తిగా చెరిగిపోతుంది. మా ఆఫీసులో కొత్త వెర్షన్ వేసిన పదో రోజున ఇదే జరిగింది. పాలిటెక్నిక్ ముగించుకుని వచ్చిన కుర్రవాడు వరండా గీతలు సరిచేస్తూ, తనకు తెలియకుండానే, మెట్ల కింద మరుగుదొడ్డికి అడ్డుగా ఉన్న గోడ గీతలను చెరిపేశాడు. ప్రింటు నేనూ చూసి సంతకం పెట్టాను, కాబట్టి ఆ తప్పు నాది కూడా. రెండు వారాల తరువాత సైటు నుంచి మేస్త్రి ఫోన్ చేసి, "మెట్ల కింద గోడ గీత నేదేటి బాబూ, కట్టాలా వద్దా?" అని అడిగాడు. అతను అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగకుండా ప్లాన్‌లో ఉన్నట్టే కట్టే మేస్త్రులు కూడా ఉంటారు.

పాత పద్ధతి కావలసినవారు కమాండ్ లైన్‌లో ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ అని కొట్టి విలువను 0 చేసుకోవచ్చు. 1 అయితే క్విక్ మోడ్. ఈ కొత్త పద్ధతి చెడ్డదని నేను అనను, అలవాటైతే వేగం పెరుగుతుంది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఒకే ఫైలు మీద పనిచేసేటప్పుడు అందరి కంప్యూటర్లలోనూ ఒకే విలువ ఉండాలన్నదే ఇక్కడ ముఖ్యం. ఒకరి దగ్గర 0, మరొకరి దగ్గర 1 ఉంటే సీటు మారి కూర్చున్న రోజున తప్పు జరిగి తీరుతుంది.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. 2015 నుంచి మౌస్ నొక్కి లాగితే గీతలను ఎంచుకునే దీర్ఘచతురస్రపు విండోకు బదులు లాసో, అంటే మౌస్ తిరిగిన దారినే చుట్టుకునే వల వస్తుంది. ఆప్షన్స్‌లో సెలెక్షన్ పేజీకి వెళ్లి లాసోకు ఎదురుగా ఉన్న టిక్కు తీసేస్తే ఆగిపోతుంది. 2020 నుంచి, బ్లాక్‌లను (తలుపు, కిటికీ వంటి సిద్ధంగా దాచుకున్న బొమ్మలను) చొప్పించే ఇన్‌సర్ట్ కమాండ్ పాత డైలాగ్ బాక్స్‌కు బదులు బ్లాక్స్ పాలెట్‌ను తెరుస్తుంది. పాతదే కావాలంటే క్లాసిక్‌ఇన్‌సర్ట్ అని కొట్టాలి. కమాండ్ లైన్ మాయమైందని కంగారుపడేవారు కంట్రోల్ 9, తెర మొత్తం బోసిపోయిందనేవారు కంట్రోల్ 0 నొక్కి చూడాలి. చాలాసార్లు అది వెర్షన్ లోపం కాదు, చేయి జారి ఆ మీటలే నొక్కి ఉంటాం.

మారడానికి ముందురోజు చేయవలసిన పని ఒక పూటకు మించదు, కానీ దాన్ని వదిలేసినవారు నెలల తరబడి బాధపడతారు. పాత వెర్షన్‌లో మనం కూర్చుకున్న సామగ్రినంతా ఒక ఫోల్డర్‌లోకి తీసుకుని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఒకటి భద్రపరచాలి. షార్ట్‌కట్లు ఉండే పీజీపీ ఫైలు, టూల్‌బార్లు, మెనూలు ఉండే సీయూఐఎక్స్ ఫైలు, గీతల మందాలను నిర్ణయించే సీటీబీ ఫైలు, ప్రింటర్ అమరికలు ఉండే పీసీ3 ఫైలు, ఆఫీసు టెంప్లేట్లు (కొత్త డ్రాయింగ్ మొదలుపెట్టే నమూనా ఫైళ్లు), సొంతంగా తెచ్చుకున్న హ్యాచ్‌లు (గీతల మధ్య నింపే నమూనాలు), ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లు ఈ సామగ్రిలోకి వస్తాయి. ఆప్షన్స్‌లోని ప్రొఫైల్స్ పేజీలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే మన ప్రొఫైల్ ఒక ఏఆర్‌జీ ఫైలుగా వస్తుంది, దాన్ని కూడా కలపాలి. కొత్త వెర్షన్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు పాత అమరికలను తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. అవుననవచ్చు, కానీ అన్నీ వచ్చాయన్న నమ్మకంతో పాత ఫోల్డర్‌ను చెరపకూడదు.

పాత రూపం లేకుండా పని సాగని పెద్దవారికి ఒక మార్గం ఉంది. మెనూబార్ విలువను 1 చేసి పాత మెనూలను పైకి తెచ్చుకుని, కావలసిన టూల్‌బార్లను అమర్చుకుని, రిబ్బన్‌క్లోజ్ కొట్టి, చివరగా డబ్ల్యూఎస్‌సేవ్ కమాండ్‌తో ఆ ఏర్పాటుకు ఒక పేరు పెట్టి దాచుకోవాలి. ఈ చివరి మెట్టును మరచిపోవడం వల్లే, ఎంతో శ్రమపడి అమర్చుకున్న టూల్‌బార్లు వర్క్‌స్పేస్ మార్చిన మరుక్షణం పోతాయి. అయినప్పటికీ నా సలహా మరొకటి. బొమ్మల చోటు ప్రతి మార్పులోనూ కదులుతుంది, కమాండ్ పేరు మాత్రం అరుదుగా మారుతుంది. ఎల్ అంటే లైన్, ఓ అంటే ఆఫ్‌సెట్, సీఓ అంటే కాపీ, ఎఫ్ అంటే ఫిల్లెట్ అని కీబోర్డు మీద చేయి తిరిగినవారికి రిబ్బన్ వచ్చినా పోయినా పెద్ద తేడా ఉండదు. ఎడమ చేయి కీబోర్డు మీద, కుడి చేయి మౌస్ మీద ఉంచి పనిచేసే అలవాటును కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే నేర్పిస్తే తరువాతి మార్పులు వారిని ఇంతగా కలవరపెట్టవు.

కొలతల విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు. మనం అడుగులు అంగుళాల్లో గీస్తాం, యజమాని గజాల్లో మాట్లాడతాడు, అనుమతి నిబంధనలు మీటర్లలో ఉంటాయి. కొత్త ఇన్‌స్టలేషన్‌లో మన టెంప్లేట్‌కు బదులు సాఫ్ట్‌వేర్ సొంత టెంప్లేట్ తెరుచుకుంటుంది. అది అంగుళాలదో మిల్లీమీటర్లదో చూడకుండా పాత బ్లాక్‌లను చొప్పిస్తే తలుపు 25.4 రెట్లు పెద్దదిగానో, అంతే చిన్నదిగానో రావచ్చు. అంత తేడా కంటికి తెలుస్తుంది కాబట్టి దానివల్ల నష్టం తక్కువ. దాన్ని సరిచేసే తొందరలో స్కేలు కమాండ్ వాడి ఒక భాగాన్ని మాత్రమే మార్చడం వల్లే అసలు నష్టం జరుగుతుంది. అందుకే ఆప్షన్స్‌లోని ఫైల్స్ పేజీలో, కొత్త డ్రాయింగ్ తెరిచే క్యూన్యూ కమాండ్‌కు మన ఆఫీసు టెంప్లేట్‌నే చూపించాలి. యూనిట్స్ కమాండ్‌లో చొప్పించే కొలమానాన్నీ ఒకసారి సరిచూడాలి.

ఆ తరువాత ఒక పరీక్ష డ్రాయింగ్ గీయాలి. 30 అడుగులకు 60 అడుగుల స్థలాన్ని గీసి విస్తీర్ణం తీస్తే 1800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు, మీటర్లలోకి మార్చినప్పుడు సుమారు 167.2 చదరపు మీటర్లు రావాలి. మూడున్నర అడుగుల సింహద్వారం బ్లాక్‌ను చొప్పించి కొలిస్తే 42 అంగుళాలు రావాలి. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి మామూలు స్కేలు బద్దతో కొలవాలి. గోడ గీత మందంగానూ, కొలత గీత సన్నంగానూ వచ్చాయో లేదో చూడాలి. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. ఇది పూర్తి కానిదే ఏ యజమాని ఫైలునూ కొత్త వెర్షన్‌లో తెరవకూడదన్న నియమం మా ఆఫీసులో పెట్టుకున్నాం.

ఆన్‌లైన్ అనుమతి కోసం ప్లాన్ పెట్టే ఎల్‌టీపీలు (లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణులు) మరో విషయం గమనించాలి. అక్కడ డ్రాయింగ్‌ను ముందుగా పరిశీలించేది సాఫ్ట్‌వేర్. ఏ గీత ఏ లేయర్‌లో (డ్రాయింగ్‌లో ఒక్కో రకం గీతలను విడిగా ఉంచే పొరలో) ఉందన్నదాన్ని బట్టే అది సెట్‌బ్యాక్‌నూ (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీనీ), విస్తీర్ణాన్నీ గుర్తిస్తుంది. గీత తెర మీద సరిగ్గా కనిపించినా వేరే లేయర్‌లో ఉంటే లెక్క తప్పుతుంది. కాబట్టి దరఖాస్తు మధ్యలో ఉన్న ఫైలును, ఆ అనుమతి చేతికి వచ్చేవరకు, మొదలుపెట్టిన వెర్షన్‌లోనే ముగించడం మేలు. ఫైలు ఫార్మాట్‌నూ చూసుకోవాలి. 2013 నుంచి 2017 వరకు వచ్చిన వెర్షన్లు ఒక డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు) ఫార్మాట్‌ను, 2018 నుంచి వచ్చినవి మరో ఫార్మాట్‌ను వాడుతున్నాయి. విశాఖపట్నంలోని మీ స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర పాత వెర్షన్ ఉంటే మీరు పంపినది అతని దగ్గర తెరుచుకోదు. ఆప్షన్స్‌లోని ఓపెన్ అండ్ సేవ్ పేజీలో పాత ఫార్మాట్‌ను ఎంచుకుంటే ప్రతిసారీ గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఉండదు.

భవనాన్ని త్రీడీ నమూనాగా గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఈ వెసులుబాటు లేదు. కొత్త రెవిట్‌లో తెరిచి దాచిన ఫైలు మళ్లీ పాత రెవిట్‌లో తెరుచుకోదు, వెనక్కి దాచే దారి కూడా లేదు. ఒక ప్రాజెక్టులో ఉన్న ఆర్కిటెక్టు, ఇంజనీరు, ఎలక్ట్రికల్ పనివారు అందరూ ఒకే రోజున మారడానికి ఒప్పుకున్న తరువాతే, అది కూడా అసలు ఫైలుకు ఒక నకలు విడిగా పెట్టుకుని, ఆ పని చేయాలి. రెవిట్ షార్ట్‌కట్లను కేఎస్ నొక్కి, ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవచ్చు.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట. యజమాని పేరు, ఊరి పేరు పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే అర్థం కాని ఇంగ్లిషు అక్షరాలుగా మారిపోతాయి. గౌతమి వంటి యూనికోడ్ ఫాంటులో మళ్లీ టైపు చేసుకోవడమే శాశ్వత పరిష్కారం. ఫైలు ఇతరులకు పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌లో ఫాంట్లను కూడా చేర్చమనే టిక్కు పెట్టాలి.

ఆషాఢంలో మొదలుపెట్టిన ఈ పనులన్నీ ఎలాగైనా దసరా లోపు ముగియాలి, అందుకు కారణం అక్టోబరు తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరంలోనూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలోనూ రోజుల తరబడి కరెంటు లేదు. కొత్త వెర్షన్‌లో ఆటోసేవ్ సాధారణంగా పది నిమిషాలకు ఒకసారి జరుగుతుంది. మన కరెంటుకు అయిదు నిమిషాలు పెట్టుకోవడం మంచిది. ఆటోసేవ్ ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో చేరుతున్నాయో ఆప్షన్స్‌లోని ఫైల్స్ పేజీలో చూసి గోడ మీద రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ దారి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. చందా లైసెన్సు 30 రోజులకు ఒకసారైనా ఇంటర్నెట్‌తో సరిచూసుకుంటుంది. తుపాను హెచ్చరిక రాగానే ఒకసారి లాగిన్ అయి సాఫ్ట్‌వేర్‌ను తెరిచి మూస్తే, ఆ తరువాత నెట్ లేకపోయినా ల్యాప్‌టాప్ మీద పని ఆగదు.

పాత వెర్షన్‌ను వెంటనే తీసివేయవద్దు. రెండు వెర్షన్లూ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండగలవు. చేతిలో ఉన్న ఇళ్లలో చివరి ఇంటికి స్లాబు పడేవరకు పాతదాన్ని ఉంచుకోవాలి. ఆ ఫైలులో మేస్త్రి అడిగే చిన్న మార్పులను, ఏ వెర్షన్‌లో ప్లాన్ గీశామో అందులోనే చేసి ప్రింటు ఇవ్వాలి.